జొన్నపిండిలో జాడ

పోయిన వారం మిమ్మల్ని ఈరక్క గడప ముందర ఎండలో నిలబెట్టి పోయాను. లోపలికి రండి. తల వంచుకుని రండి, ఆ మట్టిమిద్దెకు వాకిలి పొట్టి. నా మనవరాలికి అప్పటికే నుదుట బొప్పి కట్టింది.

మొదటిసారి చదివేవాళ్లకు కథ ఎందాకా వచ్చిందో చెప్పి ముందుకు పోతాను. బనగానపల్లెలో మాకు కిరాణా అంగడి, ఊరి బయట కొంచెం మామిడితోట ఉన్నాయి. ఆ తోటకు కాపలా ఉండే పిల్లవాడు ఆంజనేయ. పిల్లవాడు అంటున్నాను గానీ పెళ్లయినవాడే, నా కళ్లకు అలా కనిపించేవాడు. నా మనవరాలు హిమబిందు యూనివర్సిటీలో పురుగుల చదువు చదువుతోంది. ఎర్రమల గుట్టల్లో అందుగు చెట్ల మీద, ఇంతవరకు ఏ పుస్తకానికీ ఎక్కని పెంకుపురుగు ఒకటి ఉందని కనిపెట్టింది. ఆడపురుగులు దొరికాయి, మగది దొరకలేదు. మృగశిర వానలు పడ్డాక, బిందుకు సాయంగా, మగపురుగు కోసం బండ అంచున ఉన్న అందుగు చెట్టెక్కి, కాలు జారి, ఆంజనేయ కింద లోయలో పడ్డాడు. మళ్లీ లేవలేదు.

శవంతో పాటు అతని సంచి కూడా ఆలూరు పక్కనున్న సొంతూరికి పోయింది. సంచిలో సబ్బుడబ్బా ఉందని, ఆ డబ్బాలో ప్రాణంతో పురుగొకటి ఉందని మాకెవరికీ తెలియదు. దినాలన్నీ అయిపోయాక అతని భార్య శివజ్యోతి ఊళ్లో కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చేసింది. పురుగు తన అత్త ఈరక్క దగ్గర ఉందని, ఆమె దాన్ని ఎవరినీ ముట్టనివ్వడం లేదని, ఎట్లాగైనా వచ్చి తీసుకుపొమ్మని చెప్పి, ఏడుస్తూ పెట్టేసింది. బిందు ఒక్కతే పోతానంది. నేను పోనివ్వలేదు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ముందుకు ఆ పిల్లను ఒంటరిగా ఎలా పంపుతాను?

బిందు పని ఏమిటో కూడా చెప్పాలి, లేకపోతే ఇంత దూరం ఒక పురుగు కోసం ఎందుకు పోయామో మీకు తెలియదు. పురుగు కొత్తదైతే కొత్తదని చెప్పేస్తే సరిపోదా అని నేను అనుకునేదాన్ని. అలా కాదట. దాని మీసాలు, కాళ్ల గోళ్లు, వీపు మీద గుంటలు, పొట్ట కింద నూగు, అన్నీ చూసి వర్ణించి రాయాలి. ఏ జాతికి దగ్గర, ఎక్కడ వేరుపడుతుంది అన్నది చెప్పాలి. బొమ్మ గీయాలి. ఆ పైన ఒకే ఒక్క పురుగును ఎంచి, ఈ జాతికి ఇదే ఆనవాలు అని పెద్ద సంగ్రహాలయంలో భద్రం చేయాలి. మా అంగడిలో సర్కారు ముద్ర ఉన్న తూకపు రాయి ఒకటి ఉండేది. ఏ రాయి మీద అనుమానం వచ్చినా దానితోనే సరిచూసేవాళ్లం. ఈ ఆనవాలు పురుగు కూడా అలాంటిదే అనుకోండి. చిక్కేమిటంటే, వీటిలో ఆడవి పాత జాతి ఆడపురుగుల్లాగే ఉంటాయి. తేడా అంతా మగదాని పొట్ట లోపల ఉంటుంది. కోసి, తీసి, భూతద్దం కింద పెట్టి చూపిస్తే తప్ప ఇది వేరే జాతి అని ఎవరూ ఒప్పుకోరు.

మళ్లీ వెతుక్కోవచ్చు కదా అంటారా? ఆంజనేయ పడిన కొన్నాళ్లకే ఆ బండ అంచును నాపరాయి గనివాళ్లు మందుగుండు పెట్టి పేల్చేశారు. అందుగు చెట్లు రాళ్లతో పాటే దొర్లిపోయాయి. బిందు మిగిలిన గుట్టలన్నీ తిరిగి, కాళ్లు పుండ్లు చేసుకుని ఉత్త చేతులతో వచ్చింది. ఇక ఉన్నది ఈరక్క దగ్గర ఉన్న ఒక్కటే.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. కళ్లు కుదురుకునేదాకా ఏమీ కనిపించలేదు. ఆ తరువాత గోడకు ఆనుకుని కూర్చున్న ఈరక్క కనిపించింది. పొడుగాటి మనిషి. ఒకప్పుడు మా తోటకు కొడుకును చూడటానికి వచ్చినప్పుడు, మామిడికాయల గంప ఒంటిచేత్తో ఎత్తి నెత్తిన పెట్టుకుంది. ఇప్పుడు మోచేతుల ఎముకలు చీర కింద నుంచి పొడుచుకుని వస్తున్నాయి. రమ్మనలేదు, పొమ్మనలేదు. పక్కన చాప ఉంది, మేమే కూర్చున్నాం.

ఆమె ముందర ఇత్తడి పళ్లెం, పళ్లెంలో తుమ్మాకు, దాని మీద పిండిజల్లెడ బోర్లించి ఉంది. జల్లెడ కన్నాల్లోంచి చూశాను. నా బొటనవేలి గోరంత ఉంది పురుగు. వీపు నెమలి మెడ రంగు. కదిలితే పచ్చన, కదలకపోతే నల్లటి నీలం. అంచుల వెంబడి రాగితీగతో కుట్టినట్టు సన్నని గీత. మీసాలు దువ్వెన పళ్లలాగా విచ్చుకుని ఉన్నాయి. ఆడవాటికి మీసాలు నున్నగా ఉంటాయని బిందు చెప్పింది నాకు గుర్తుంది.

బిందు చెయ్యి ముందుకు పోయింది. ఈరక్క ఆ చేతిని చూసింది. చూసిందంతే. బిందు చెయ్యి వెనక్కి వచ్చేసింది.

మేమేమీ అడగకముందే ఈరక్క చెప్పడం మొదలుపెట్టింది. ఎవరికో చెబుతున్నట్టు కాదు, రోజూ తనకు తాను చెప్పుకునే మాటే పైకి వచ్చినట్టుగా ఉంది.

"మట్టి చేసొచ్చి, వాన్ని పండబెట్టిన తావు అలికితిమి. జొన్నపిండి జల్లించి పోస్తిమి. పక్కన దీపం పెట్టి గంప బోర్లిస్తిమి. తెల్లారి ఎత్తి చూస్తే, ఇదో, ఈ సామి ఉండె. పిండి మింద నడిసిన జాడ, దారంతో గీసినట్ల. గోడ కాడికి పోయి, మళ్లా నేను పండుకున్న దిక్కుకే తిరిగొచ్చింటే."

ఈ జాడ చూడటం మా ఇళ్లలోనూ ఉంది. పోయినవాళ్లు ఏ పుట్టుక ఎత్తారో ఆ పిండిలో అడుగు పడుతుందంటారు. పక్షి కాలు పడితే పక్షి, గిట్ట పడితే ఎద్దు. చిన్నపాదం పడితే మళ్లీ ఆ ఇంట్లోనే పుడతారు. ఏ జాడా పడకపోతే మాత్రం ఆ ప్రాణం ఎక్కడికీ పోలేక తిరుగుతోందని అర్థం. మా పెదనాయన పోయినప్పుడు తెల్లారి గంప ఎత్తితే పిల్లి అడుగులు. బతికినన్నాళ్లూ దొంగతనంగా మీగడ తిన్నాడు, ఈ పుట్టుకే తగింది అని మా పెద్దమ్మ ఏడుస్తూనే తిట్టింది. గంపకు ఒక పక్క పెద్ద కంత ఉందని, మా ఇంటి పిల్లి ఆ రాత్రి అక్కడే తిరిగిందని అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. పిల్లి మాత్రం ఆనాటి నుంచి రోజూ గిన్నెడు పాలు తాగి బతికింది.

ఈరక్క ఇంకా చెబుతూనే ఉంది. ఊళ్లో నలుగురూ వచ్చి చూశారట. బొద్దింకో పేడపురుగో అయితే తానూ నమ్మేది కాదట. ఈ రంగు పురుగును, ఈ మీసాల పురుగును ఆ ఊళ్లో పుట్టిన ముసలివాళ్లు కూడా ఎన్నడూ చూడలేదట. ఇంతవరకు ఎవరూ చూడనిది తన కొడుకు పడుకున్న తావునే ఎందుకు వచ్చిందో చెప్పమంది.

ఎవరూ చూడని పురుగు అనే మాటనే నా మనవరాలు కూడా అంటుంది. అదే మాట దాని చదువుకు ఆధారం, ఈమె నమ్మకానికీ ఆధారం.

బిందు మాట అందుకుంది. దారి పొడుగునా బస్సులో నేను చెప్పాను, నెమ్మదిగా మాట్లాడమని, ముందు ఆమె దుఃఖం వినమని. విన్నది. కానీ దాని స్వభావం ఏమిటంటే, మనసులో ఉన్నది దాచడం దానికి చేతకాదు. ఆ పురుగు ఏమిటో, ఆంజనేయ దాని కోసం ఎందుకు చెట్టెక్కాడో, అది ఎంత కొత్తదో అంతా చెప్పింది. చివరికి, అన్నిటికంటే మంచి మాట అని తాను అనుకున్నది చెప్పింది.

"దీనికి ఆంజనేయ పేరే పెడతా ఈరక్కా. ప్రపంచంలో ఈ పురుగు గురించి ఎవరు రాసినా ఆయన పేరుతోనే రాయాలి. ఎప్పటికీ."

ఈరక్క బిందు వైపు తిరిగింది.

"ఇంగ కొత్తగా పెట్టేదేముండాది పాపా? వాని పేరు వానికి ఉండనే ఉండాది."

నేను కలగజేసుకుని, పురుగును కొన్నాళ్లు ఇస్తే చదువుకు పనికొస్తుందని, పిల్ల ఎంతో జాగ్రత్తగా చూసుకుంటుందని అన్నాను. అది సగం మాటే. ఈరక్క కూలిపని మనిషి, సగం మాటలు ఎలా ఉంటాయో ఆమెకు బాగా తెలుసు. తీసుకుపోయి ఏం చేస్తారని అడిగింది. నన్ను కాదు, బిందును. మళ్లీ తిరిగి తెచ్చిస్తారా అని అడిగింది.

నేను బిందు మోకాలు నొక్కాను. అది నా చెయ్యి మెల్లగా తీసేసింది. తిరిగి ఇవ్వలేనని చెప్పింది. చంపాలని చెప్పింది. చంపాక పొట్ట కోయాలని కూడా చెప్పేసింది. ఆ తల్లితో అబద్ధం ఆడకపోవడమే మర్యాద అనుకుంది నా పిచ్చితల్లి.

ఈరక్క కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది.

"వాన్ని ఒకసారి కోసిరి గదా," అంది. "ఆస్పత్రిలో ఇయ్యాలంటే కొయ్యాల అనిరి. గొంతు కాడ్నుంచి బొడ్డు దాకా గోతంసంచి కుట్టినట్ల కుట్టి నా ముందర పెట్టిరి. నీళ్లు పోసేటప్పుడు ఆ కుట్ల మింద నా చెయ్యి ఆడకుండె. ఇంగోసారి కోసేదానికి వస్తివా పాపా?"

బయట ఎవరిదో మేకపిల్ల అరుస్తోంది. బిందు తల వంచుకుంది. కన్నీళ్లు చాప మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నేనే పంపాను ఈరక్కా, అంది. ఆ అంచున ఉన్న చెట్టు మీద ఉండొచ్చని చెప్పింది నేనే. ఆయన వద్దనలేదు, వెళ్లాడు. పడేటప్పుడు కూడా ఆ సంచి వదలలేదు. ఇది ఇలాగే చచ్చి చీమల పాలైతే ఆయన దేనికోసం చచ్చిపోయినట్టు? నాకు ఇది పట్టా కోసం కాదు, అంది.

"దేనికోసం సచ్చిపోయినాడో నాకేంటికి పాపా? సచ్చిపోయినాడు. అంతే."

పోనీ దానంతట అది చచ్చిపోయాక ఇస్తావా అని నేను అడిగాను. ఇవ్వదట. కొడుకు గుంత పక్కనే చిన్న గుంత తీసి పెడుతుందట. ఆ తావు కూడా చూసి పెట్టుకుందట. ఈరక్క జల్లెడ కొంచెం పైకెత్తి, వాడిన తుమ్మాకు తీసి, తాజాది పెట్టింది. పురుగు దాని జోలికి పోలేదు. వెనక కాలు ఒకటి ఈడుస్తోంది. అందుగు ఆకు తినే జీవి తుమ్మాకు ఎందుకు తింటుంది? ఆ మాట బిందు కళ్లలో ఉంది, పైకి అనలేదు.

కాళ్లు కడుక్కుని వస్తానని నేను లేచాను.

ఇంటి వెనక నీళ్లతొట్టి దగ్గర శివజ్యోతి ఉంది. సన్నటి పిల్ల. నుదుటి మీద బొట్టు చెరిపిన చోట చర్మం ఇంకా తెల్లగా ఉంది. మేము వచ్చినప్పటి నుంచి లోపలికి రాలేదు. చెంబుతో నా కాళ్ల మీద నీళ్లు పోస్తూ, పోస్తూ, ఆ చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆమె ముఖం చూసి, ఏమే తల్లీ, నువ్వే కదా మమ్మల్ని పిలిచింది, ఇప్పుడు దాక్కుంటావేమి అన్నాను.

"అవ్వా, దాన్ని గంప కింద పెట్టింది నేనే."

ఎంత మెల్లగా అందంటే, నీళ్ల చప్పుడులో నేను కాక ఇంకెవరికీ వినపడి ఉండదు. తరువాత అంతా చెప్పింది. మట్టిచేసి వచ్చాక ఆడవాళ్లందరూ చేరి, ఈ పిల్ల కాలు మంచిది కాదు, వచ్చి ఏడాది తిరగకముందే మొగుణ్ణి మింగింది అన్నారట. రేపు పిండిలో జాడ పడకపోతే ఆంజనేయ దయ్యమై తిరుగుతున్నట్టేనని, ఈ పిల్లను ఇంట్లో పెట్టుకోకూడదని ఒక ముసలామె అందట. అత్త నోరు విప్పలేదు. చుక్క నీళ్లు కూడా తాగలేదు. తెల్లారేటప్పుడు శివజ్యోతికి మొగుడి చొక్కా వాసన చూడాలనిపించి సంచి తెరిచింది. సబ్బుడబ్బాలో ఏదో గీకుతున్న చప్పుడు. తెరిస్తే ఈ పురుగు. అందరూ నిద్రలో ఉన్నారు. గంప అంచు ఎత్తి లోపలికి వదిలింది.

ఏదో ఒక జాడ పడితే చాలనుకుందట, అత్త లేచి ఇంత గంజి తాగుతుందనుకుందట. గంప ఎత్తగానే ఎగిరిపోతుందనుకున్న పురుగు ఎగరలేదు. అత్త దాన్ని చేతుల్లోకి తీసుకుని, ఒరే ఆంజినీ అని పిలిచింది. ఆనాటి నుంచి కూలికి పోవడం లేదు, నిద్రపోవడం లేదు, ఆ జల్లెడ ముందర నుంచి కదలడం లేదు.

"అది ఏమీ తినల్యా అవ్వా. రేపో ఎల్లుండో సచ్చిపోతాది. అప్పుడు మా అత్త ఏమైతాదో నాకు భయం. మీరు తీసకపోతే యాడో ఉండాదిలే అనుకుంటాది. నేను పెట్టినానని తెలిస్తే నన్ను గడప లోపల ఉండనీదు. నాకు అమ్మగారిల్లు గూడా లేదు, యాడికి పోదును?"

చెప్పవద్దని నా చెయ్యి పట్టుకుంది. తడిచేయి, చల్లగా ఉంది. చెప్పనని మాట ఇచ్చాను. మామూలుగా నా కడుపులో మాట దాగదు, మా ఇంట్లో అందరూ ఎగతాళి చేస్తారు. కానీ ఆ పిల్లకు ఇచ్చిన మాట తప్పకూడదని అక్కడికక్కడే అనుకున్నాను.

లోపలికి వచ్చేసరికి బిందు, ఈరక్క అలాగే ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. నేను చాప మీద సర్దుకుని కూర్చోకముందే ఈరక్క పళ్లెం ఎత్తి నా ముందర పెట్టింది.

"సెట్టెమ్మా, పాప చిన్నది. దాంతో నాకు వాదమేంటికి. నువ్వు పెద్దదానివి, నా కొడుకు నీ చేతి కూడు తిన్నోడు. నువ్వు చెప్పు. ఇది వాడేనా, కాదా? వాడే అంటే మీ దావన మీరు పోండి. కాదంటే ఈ పొద్దే ఇచ్చేస్తా."

చూడండి, ఎంత చిక్కున పడ్డానో. దేవుడి సంగతి మనకేం తెలుసు ఈరక్కా అని తప్పించుకోవచ్చు. అంగడి కొంపలో పుట్టి పెరిగినదాన్ని, ఎటూ తేల్చకుండా మాట్లాడటం నాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. కానీ ఆమె కళ్లు నా ముఖం మీద నుంచి కదలడం లేదు. వెనక తలుపు దగ్గర శివజ్యోతి కొంగు కనిపిస్తోంది. ఇటు పక్క బిందు, సంచి పట్టీ పట్టుకుని కూర్చుంది.

అవును, వాడే అంటే? పురుగు ఎల్లుండికి ఈమె కళ్ల ముందరే కాళ్లు ముడుచుకుంటుంది. కొడుకు రెండోసారి పోతాడు. ఆ చావుకు కూడా కారణం ఎవరో ఒకరు కావాలి కదా, ఆ కోపం ఎవరి మీద పడుతుందో నాకు తెలుసు. బిందు చదువు, ఆంజనేయ పేరు, రెండూ మట్టిలో కలుస్తాయి. కాదు అంటే? మెతుకు ముట్టని ఈ తల్లికి ఉన్న ఒక్క ఆసరా నేను లాగేసినట్టే. నా మనవరాలి కోసం అన్నానా, ఈరక్క కోసం అన్నానా, ఇప్పటికీ తూకం వేసి చెప్పలేను.

"కాదు ఈరక్కా," అన్నాను. "ఇది ఆంజనేయ కాదు. ఆంజనేయ పట్టిన పురుగు, అంతే. నీ కొడుకు మట్టిలో ఉన్నాడు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఒక్కసారి తల ఊపింది, ఎవరో ధర చెబితే ఒప్పుకున్నట్టు. జల్లెడ తీసి పక్కన పెట్టింది. చూపుడువేలు చాపింది. పురుగు ఆ కాలు ఈడ్చుకుంటూ ఆమె వేలి మీదికి ఎక్కింది. ఎన్నాళ్ల నుంచో అలవాటైనట్టు ఎక్కింది.

"సీసా తీ పాపా. చంపే సీసా తెచ్చింటావు గదా. నా ముందరనే వెయ్యి. వాడు కాదంటిరి గదా, నా ముందర వేసేదానికి ఏమి?"

బిందు సంచిలోంచి గాజుసీసా తీసింది. అడుగున మందులో తడిపిన దూది ఉంటుంది, మూత తీస్తే ముక్కుకు ఘాటు తగులుతుంది. ఇలాంటివి ఎన్నింటినో అందులో వేసిన పిల్ల అది. మూత తిప్పలేకపోయింది. నేను అందుకుని మూత తీశాను. ఆ వాసన ఆ చిన్న గది అంతా నిండిపోయింది.

ఈరక్క వేలు సీసా దాకా తీసుకువచ్చి ఆగింది. వెనక్కి చూడకుండానే పిలిచింది.

"శివజ్యోతీ, ఈడికి రా."

ఆ పిల్ల వచ్చి నిలబడింది.

"దీన్ని నువ్వు వెయ్యి."

నేనేంటికి అత్తా, అంది.

"ఆ పొద్దు గంప ఎత్తి లోపలికి ఇడిసిన చెయ్యి నీదే గదా. అదే చెయ్యి ఈ సీసాలో గూడా వెయ్యనీ."

నేను మాట ఇచ్చింది ఎవరి కోసమో, దాచింది ఎవరి దగ్గరో! ఈరక్క నా వైపు తిరగలేదు. కోడలినే చూస్తోంది. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది.

"నేను నిద్రపోతాంటి అనుకుంటివా? కొడుకును మట్టిలో పెట్టొచ్చినదానికి నిద్ర యాడిది? నువ్వు సంచి తీసింది చూస్తి, గంప ఎత్తింది చూస్తి. ఎవురి చేత్తో వస్తేనేమి, వచ్చింది వాడే అనుకుంటి. ఇన్ని దినాలూ అట్లనే అనుకుంటి. సెట్టెమ్మ కాదనె. ఇంగ ఏముండాది. వెయ్యి. వేసినాక మనిద్దరం మాట్లాడుకునేది శానా ఉండాది."

వేలు కోడలి ముందుకు చాపింది. శివజ్యోతి అరచెయ్యి పట్టింది. పురుగు ఆ చేతి నుంచి ఈ చేతికి మారింది. బిందు లేచి నిలబడింది. నేను సీసా ఎత్తి పట్టుకున్నాను. ఒక్క అడుగు దూరం.

ఆ పిల్ల సీసాను చూసింది. అత్తను చూసింది. తరువాత నెమ్మదిగా, ఎంతో జాగ్రత్తగా, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి పిడికిలి మూసేసింది.

"ఇది నా చేతిలో ఉన్నంతసేపే నేను ఈ ఇంట్లో ఉండేది," అంది. "కాదా అత్తా?"

బిందు నోరు తెరవబోయింది, నేను దాని భుజం పట్టుకున్నాను. ఆ పిడికిలి ఏ కొంచెం బిగుసుకున్నా లోపల మిగిలేది పిప్పే.

ఈరక్క గోడ పట్టుకుని లేచింది. మా మధ్య నుంచి నడుచుకుంటూ పోయి, వీధి తలుపు మూసి లోపల నుంచి గడియ పెట్టింది.